డెకరేటర్‌కు డిఫాల్ట్ విలువలు ఎందుకు కనిపించవు?

క్లుప్తంగా: పైథాన్‌లో డిఫాల్ట్ విలువలు కాల్‌తో పాటు రావు. అవి ఫంక్షన్ ఆబ్జెక్ట్‌లోనే ఉంటాయి, అసలు ఫంక్షన్ మొదలయ్యే క్షణంలో ఇంటర్‌ప్రెటర్ వాటిని ఖాళీల్లో నింపుతుంది. డెకరేటర్ ఒక ఫంక్షన్ చుట్టూ తొడిగే మరో ఫంక్షన్, అంటే రాపర్, అంతకు ముందే నడుస్తుంది కాబట్టి దానికి అవి అందవు. ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని సిగ్నేచర్, బైండ్, అప్లై_డిఫాల్ట్స్ మూడూ కలిపి ఆ నింపే పనిని ముందుగానే చేసిపెడతాయి. అలా నింపిన విలువలను లోపలికి పంపాలా, చూసి వదిలేయాలా అన్నది మాత్రం డెకరేటర్ చేసే పనిని బట్టి తేల్చుకోవాలి.

## నింపే పని ఎప్పుడు జరుగుతుంది

ఉదాహరణకు వడ్డీ లెక్కగట్టే ఒక ఫంక్షన్: `డెఫ్ వడ్డీ(అసలు, రేటు=2, *, నెలలు=12)`. రేటు అంటే నెలకు నూటికి ఇన్ని రూపాయలని. నెలలు నక్షత్రం తర్వాత ఉంది కాబట్టి దాన్ని పేరుతోనే ఇవ్వాలి. `వడ్డీ(5000)` అని పిలిస్తే 1200 వస్తుంది.

దీనికి ప్రతి కాల్‌నూ లాగ్ చేసే డెకరేటర్ తగిలిస్తే, లాగ్‌లో 5000, 2, 12 మూడూ ఉంటాయని చాలామంది అనుకుంటారు. కనిపించేది మాత్రం ఆర్గ్స్‌లో (పేరు లేకుండా వరుసలో ఇచ్చినవి) ఒక్క 5000, క్వార్గ్స్‌లో (పేరుతో ఇచ్చినవి) ఖాళీ డిక్షనరీ.

ఇది పైథాన్ లోపం కాదు. ఫంక్షన్ మీద `@నమోదు` అని రాయడమంటే `వడ్డీ = నమోదు(వడ్డీ)` అని రాసినట్టే. ఆ క్షణం నుంచి వడ్డీ అనే పేరు రాపర్‌ను చూపిస్తుంది. రాపర్‌కు ఉన్న పారామీటర్లు `*ఆర్గ్స్`, `**క్వార్గ్స్` మాత్రమే. దానికంటూ సొంత డిఫాల్టులు లేవు కాబట్టి పిలిచినవారు ఏం రాస్తే అదే అందుతుంది. రాపర్ లోపల `ఫంక్(*ఆర్గ్స్, **క్వార్గ్స్)` అన్న లైను నడిచినప్పుడే ఇంటర్‌ప్రెటర్ అసలు ఫంక్షన్‌కు ఫ్రేమ్ సిద్ధం చేసి, ఖాళీగా ఉన్న చోట్ల 2నూ 12నూ పెడుతుంది. అప్పటికి నియంత్రణ రాపర్ చేతిలో ఉండదు.

మరోవైపు, డిఫాల్ట్ విలువలు పుట్టేది ఇంకా ముందు. `డెఫ్` లైను నడిచినప్పుడు ఒక్కసారి లెక్కగట్టి వాటిని ఫంక్షన్ ఆబ్జెక్ట్‌లో దాస్తారు. డెకరేటర్ చేతికి వచ్చేది అప్పటికే తయారైన ఆ ఆబ్జెక్టే. అంటే విలువలు డెకరేటర్‌కు అందుబాటులోనే ఉన్నాయి. ఈ ఫంక్షన్ డిఫాల్టులేమిటి అన్నది ఒక ప్రశ్న, ఈ కాల్‌లో చివరికి ఏ విలువలు అమలవుతాయి అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి డెకరేట్ చేసే సమయంలోనే జవాబు దొరుకుతుంది. రెండోది కాల్ కాల్‌కూ మారుతుంది. తప్పుదారి పట్టే పరిష్కారాల్లో చాలావరకు ఈ రెంటినీ కలిపేసేవే.

## ఫంక్షన్ ఆబ్జెక్ట్‌ను నేరుగా తడిమితే

పొజిషన్‌తో ఇవ్వగలిగే పారామీటర్ల డిఫాల్టులు `__డిఫాల్ట్స్__` అనే టపుల్‌లో ఉంటాయి. పేరుతోనే ఇవ్వాల్సినవి `__కేడబ్ల్యూడిఫాల్ట్స్__` అనే డిక్షనరీలో ఉంటాయి. పై ఫంక్షన్‌లో మొదటిది ఒక్క 2 ఉన్న టపుల్, రెండోది నెలలుకు 12 అని చెప్పే డిక్షనరీ. పారామీటర్ల పేర్లు కావాలంటే `__కోడ్__.కో_వార్‌నేమ్స్` చూడాలి. అందులో మొదటి ఎన్ని పేర్లు పారామీటర్లో `కో_ఆర్గ్‌కౌంట్` చెబుతుంది. పేరుతోనే ఇవ్వాల్సినవి ఈ లెక్కలోకి రావు.

ఇక్కడ జారిపడే చోట్లు మూడున్నాయి. డిఫాల్ట్ టపుల్ కుడివైపు నుంచి సరిపోలాలి, ఎందుకంటే డిఫాల్ట్ ఉన్న పారామీటర్లు ఎప్పుడూ చివర ఉంటాయి. పేర్లనూ విలువలనూ జిప్‌తో ఎడమ నుంచి జతచేస్తే అసలుకు 2 అంటుకుంటుంది. ఎర్రర్ రాదు, లాగ్ మాత్రం అబద్ధం చెబుతుంది. ఇక డిఫాల్టులు ఒక్కటీ లేకపోతే ఆ స్థానంలో ఖాళీ టపుల్ కాకుండా నన్ (ఏ విలువా లేదనే గుర్తు) ఉంటుంది, దాని పొడవు అడిగితే టైప్‌ఎర్రర్. దాన్ని ఖాళీ టపుల్‌గా మార్చుకున్నాక కూడా మూడో గొయ్యి మిగులుతుంది. డిఫాల్ట్ లేని పేర్లను తీయడానికి `పేర్లు[:-న]` అని స్లైస్ రాస్తే, న విలువ సున్నా అయిన రోజున మొత్తం జాబితా రావాల్సిన చోట ఖాళీ జాబితా వస్తుంది.

ఇవన్నీ సరిచేసుకున్నా, వడ్డీ మీద అప్పటికే ఇంకో డెకరేటర్ ఉంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది. అప్పుడు చేతికి వచ్చే ఫంక్షన్ ఆ డెకరేటర్ రాపర్. దాని `__డిఫాల్ట్స్__` నన్, ఆర్గ్యుమెంట్ల లెక్క సున్నా. ఫంక్‌టూల్స్‌లోని రాప్స్ వాడి ఉన్నా ఇంతే. రాప్స్ పేరు, డాక్‌స్ట్రింగ్, మాడ్యూల్, యానొటేషన్ల (పారామీటర్ల రకాన్ని చెప్పే గుర్తులు) వంటివాటిని కాపీ చేస్తుంది గానీ డిఫాల్టులను కాపీ చేయదు.

## సెట్‌డిఫాల్ట్ అనే అడ్డదారి

రాపర్‌లో `క్వార్గ్స్.సెట్‌డిఫాల్ట్('రేటు', 2)` అని ఒక లైను పెట్టేసి ముందుకు పోయే కోడ్ తరచుగా కనిపిస్తుంది. `వడ్డీ(5000)`కు అది పనిచేస్తుంది. `వడ్డీ(5000, 3)` అని పిలిచిన రోజున రేటు ఒకసారి పొజిషన్‌లో, మరోసారి పేరుతో వెళ్తుంది. ఒకే ఆర్గ్యుమెంట్‌కు పలు విలువలు వచ్చాయన్న టైప్‌ఎర్రర్‌తో ప్రోగ్రామ్ ఆగుతుంది. పైగా 2 అనే సంఖ్య ఇప్పుడు రెండు చోట్ల ఉంది. ఫంక్షన్‌లో రేటు మార్చి డెకరేటర్‌లో మరిచిపోతే ఏ హెచ్చరికా ఉండదు.

ఈ అడ్డదారి బాగానే ఉందనిపించే సందర్భం ఒకటుంది, దాని సంగతి చెప్పుకోవాలి. వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఫాస్ట్‌ఏపీఐ, ఎండ్‌పాయింట్ (వెబ్ అభ్యర్థనకు జవాబిచ్చే) ఫంక్షన్ సిగ్నేచర్‌ను, అంటే పారామీటర్ల వివరాన్ని, తానే చదివి, డిఫాల్టులతో సహా అన్ని విలువలనూ పేర్లతో పంపుతుంది. అందుకని రాపర్‌లో `క్వార్గ్స్['రేటు']` అని నేరుగా రాసినా సర్వర్‌లో నడుస్తుంది. అదే ఫంక్షన్‌ను యూనిట్ టెస్ట్‌లోనో విడి స్క్రిప్ట్‌లోనో మామూలుగా పిలిస్తే కీఎర్రర్ వస్తుంది. సర్వర్‌లో పనిచేసి టెస్టులో పడిపోయే డెకరేటర్ల వెనక ఉన్న కారణం చాలాసార్లు ఇదే.

## సిగ్నేచర్, బైండ్, అప్లై_డిఫాల్ట్స్

పెప్ 362 అనే పైథాన్ మార్పు ప్రతిపాదన ద్వారా 2012లో పైథాన్ 3.3తో ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌కు సిగ్నేచర్ ఫంక్షన్ వచ్చింది. అది ఫంక్షన్ పారామీటర్ల పూర్తి వివరాన్ని ఒక ఆబ్జెక్ట్‌గా ఇస్తుంది. దానిలోని బైండ్, కాల్‌లో వచ్చిన ఆర్గ్యుమెంట్లను ఇంటర్‌ప్రెటర్ నియమాల ప్రకారమే పేర్లకు జతచేస్తుంది. బైండ్ ఒక్కటే డిఫాల్టులను నింపదు. ఆ పని చేసే అప్లై_డిఫాల్ట్స్ 2015లో పైథాన్ 3.5తో చేరింది. అంతకు ముందు రాసిన కోడ్‌లో పారామీటర్ల మీద లూప్ తిప్పి చేత్తో నింపడం కనిపిస్తుంది. ఫలితం ఒకటే.

కింద కోడ్ మొత్తం తెలుగు లిపిలో ఉంది. నడపాలంటే కీవర్డులనూ లైబ్రరీ పేర్లనూ ఇంగ్లిష్ లిపిలోకి మార్చుకోవాలి. వడ్డీ, అసలు, సిగ్, రాపర్ వంటి సొంత పేర్లను తెలుగులోనే ఉంచినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా పెట్టే కంటికి కనపడని విభజక గుర్తు మాత్రం పేరులో ఉండకూడదు.

```
ఇంపోర్ట్ ఫంక్‌టూల్స్, ఇన్‌స్పెక్ట్

డెఫ్ నమోదు(ఫంక్):
    సిగ్ = ఇన్‌స్పెక్ట్.సిగ్నేచర్(ఫంక్)

    @ఫంక్‌టూల్స్.రాప్స్(ఫంక్)
    డెఫ్ రాపర్(*ఆర్గ్స్, **క్వార్గ్స్):
        జత = సిగ్.బైండ్(*ఆర్గ్స్, **క్వార్గ్స్)
        జత.అప్లై_డిఫాల్ట్స్()
        ప్రింట్(ఫంక్.__నేమ్__, జత.ఆర్గ్యుమెంట్స్)
        రిటర్న్ ఫంక్(*ఆర్గ్స్, **క్వార్గ్స్)

    రిటర్న్ రాపర్
```

ఇప్పుడు `వడ్డీ(5000)` అని పిలిస్తే అసలు 5000, రేటు 2, నెలలు 12 అని మూడూ పారామీటర్ల వరుసలోనే కనిపిస్తాయి. `వడ్డీ(5000, నెలలు=6)` అంటే చివరిది 6 అవుతుంది. ఫంక్షన్‌కు `*` రకం పారామీటర్ ఉండి ఏమీ రాకపోతే ఖాళీ టపుల్, `**` రకం ఉండి ఏమీ రాకపోతే ఖాళీ డిక్షనరీ నింపుతుంది.

సిగ్నేచర్ లైను రాపర్ బయట ఉండటం యాదృచ్ఛికం కాదు. అది ఖరీదైన పని, డెకరేట్ చేసేటప్పుడు ఒక్కసారి చేస్తే చాలు. లోపల పెడితే ప్రతి కాల్‌కూ ఆ ఖర్చు పడుతుంది. బయట పెట్టినందుకు చెల్లించే మూల్యం చిన్నది: ఎవరైనా తర్వాత `__డిఫాల్ట్స్__`ను మార్చితే సిగ్‌లో పాత విలువే ఉంటుంది. అలా మార్చడం అరుదు కాబట్టి దీనికి భయపడనక్కర్లేదు.

డిఫాల్ట్ విలువలు మాత్రమే చాలు, కాల్‌తో పని లేదనుకుంటే బైండ్ అవసరం లేదు. `సిగ్.పారామీటర్స్`లో ప్రతి పారామీటర్‌కూ డిఫాల్ట్ అనే గుణం ఉంటుంది. డిఫాల్ట్ లేనప్పుడు అక్కడ ఉండేది నన్ కాదు, `పారామీటర్.ఎంప్టీ` అనే ప్రత్యేక గుర్తు. నన్‌తో పోల్చితే, నన్‌నే డిఫాల్ట్‌గా పెట్టుకున్న పారామీటర్ తప్పనిసరి పారామీటర్‌లా కనిపిస్తుంది. పోలికకు రెండు సమాన చిహ్నాలు వాడకుండా `ఈజ్` వాడాలి. నంపై (సంఖ్యల లెక్కల లైబ్రరీ) అర్రేలు డిఫాల్టుగా ఉన్న చోట సమాన చిహ్నం వేరే చిక్కు తెస్తుంది.

బైండ్ తెచ్చే చిరాకు ఒకటుంది. అసలు ఇవ్వకుండా `వడ్డీ()` అని పిలిస్తే ఎర్రర్ బైండ్ లైను దగ్గరే వస్తుంది. ఆర్గ్యుమెంట్ తగ్గిందని అంటుంది గానీ ఏ ఫంక్షన్‌కు తగ్గిందో చెప్పదు, ట్రేస్‌బ్యాక్ ఇన్‌స్పెక్ట్ ఫైలు లోపలికి తీసుకెళ్తుంది. బైండ్‌ను ట్రైలో పెట్టి, టైప్‌ఎర్రర్ వస్తే నేరుగా `ఫంక్(*ఆర్గ్స్, **క్వార్గ్స్)` పిలిస్తే వడ్డీ పేరుతో మామూలు ఎర్రర్ బయటికి వస్తుంది.

## లోపలికి ఏది పంపాలి

పై కోడ్ చివరి లైనులో లోపలికి వెళ్లినవి వచ్చిన ఆర్గ్స్, క్వార్గ్స్‌లే. చాలా ఉదాహరణల్లో ఇక్కడ `ఫంక్(*జత.ఆర్గ్స్, **జత.క్వార్గ్స్)` అని ఉంటుంది. విడిగా ఒకే డెకరేటర్ ఉంటే రెంటికీ తేడా తెలియదు. డెకరేటర్లు ఒకదానిమీద ఒకటి ఉన్నప్పుడు తేడా బయటపడుతుంది.

జత నుంచి తీసిన ఆర్గ్స్‌లో పొజిషన్‌తో ఇవ్వడానికి వీలున్న ప్రతిదీ పొజిషన్‌లోకే వెళ్తుంది, పిలిచినవారు పేరుతో ఇచ్చినా సరే. `వడ్డీ(5000, రేటు=3)` అనే కాల్ లోపలికి 5000, 3 అనే రెండు పొజిషన్లుగా చేరుతుంది. క్వార్గ్స్‌లో మిగిలేది నెలలు ఒక్కటే. కింద ఉన్న డెకరేటర్ `క్వార్గ్స్.గెట్('రేటు')` అని వెతుకుతుంటే దానికి ఏమీ దొరకదు. విడివిడిగా పరీక్షిస్తే రెండు డెకరేటర్లూ సరిగానే ఉంటాయి, కలిపితేనే తేడా వస్తుంది. అలాగే డిఫాల్ట్‌లు నిండిపోయాక, విలువను పిలిచినవారు ఇచ్చారా లేక అది డిఫాల్టా అన్నది కింది వరుసలకు తెలిసే దారి ఉండదు.

కాబట్టి డెకరేటర్ పని చూడటమే అయితే, అంటే లాగింగ్, అనుమతుల తనిఖీ, కొలతలు తీయడం లాంటివైతే, వచ్చినవి వచ్చినట్టే పంపడం మేలు. విలువలను మార్చే డెకరేటర్ అయితే `జత.ఆర్గ్యుమెంట్స్`లో మార్పు చేసి జత నుంచే పంపాలి.

విలువలను ఒకే రూపానికి తేవడమే లక్ష్యమైన సందర్భం కూడా ఉంది. ఫంక్‌టూల్స్‌లోని ఎల్ఆర్‌యూ_క్యాష్ అందుకు మంచి ఉదాహరణ; అది ఒకసారి వచ్చిన ఫలితాన్ని దాచి, అదే కాల్ మళ్లీ వస్తే తిరిగి ఇస్తుంది. అది క్యాష్ తాళంచెవిని వచ్చిన ఆర్గ్స్, క్వార్గ్స్‌ల నుంచి యథాతథంగా తయారు చేస్తుంది, డిఫాల్టుల జోలికి పోదు. అందువల్ల `వడ్డీ(5000)`, `వడ్డీ(5000, 2)`, `వడ్డీ(అసలు=5000)` మూడూ ఒకే లెక్క అయినా క్యాష్‌లో మూడు వేర్వేరు నమోదులు పడతాయి. క్యాష్_ఇన్ఫో చూస్తే మూడు మిస్సులు కనిపిస్తాయి. వేగం కోసమే ఉన్న సాధనం ప్రతి కాల్‌కూ బైండ్ చేస్తే ఆ వేగమే పోతుంది కాబట్టి, ఇలా వదిలేయడం సబబే. ఫంక్షన్ లోపలి పని నిజంగా భారీదైతే, ఎల్ఆర్‌యూ_క్యాష్‌కు పైన బైండ్, అప్లై_డిఫాల్ట్స్ చేసి జత నుంచి పంపే చిన్న డెకరేటర్ పెడితే మూడూ ఒకే నమోదుకు చేరతాయి. పేరుతోనే ఇవ్వాల్సినవి కూడా సిగ్నేచర్ వరుసలోకి సర్దుకుంటాయి. `**` రకం పారామీటర్‌లోకి వెళ్లే అదనపు పేర్లు మాత్రం పిలిచినవారి వరుసలోనే ఉండిపోతాయి.

ఖర్చు విషయానికి వస్తే, మామూలు ఫంక్షన్ కాల్‌ను నానోసెకన్లలో కొలుస్తాం, పైథాన్‌లోనే రాసిన బైండ్‌ను మైక్రోసెకన్లలో కొలవాలి. డేటాబేస్‌కో నెట్‌వర్క్‌కో వెళ్లే ఫంక్షన్‌కు ఇది లెక్కలోకి రాదు. లక్షలసార్లు తిరిగే లూప్‌లో ఉన్న చిన్న ఫంక్షన్‌కు భారమే. అక్కడ కావాల్సింది ఒక్క రేటు విలువైతే బైండ్ మానుకోవచ్చు. డెకరేట్ చేసేటప్పుడే సిగ్నేచర్ నుంచి రేటు స్థానాన్నీ (సున్నా నుంచి లెక్కిస్తే 1) డిఫాల్ట్‌నూ తీసి పెట్టుకోవాలి. కాల్ వచ్చినప్పుడు రేటు క్వార్గ్స్‌లో ఉంటే అది, లేదా ఆర్గ్స్ పొడవు 1 కంటే ఎక్కువైతే ఆ స్థానంలోది, రెండూ కాకపోతే దాచిన డిఫాల్ట్.

## సిగ్నేచర్ కూడా తప్పు చెప్పే చోట్లు

సిగ్నేచర్ ఫంక్షన్ `__రాప్డ్__` అనే గుణాన్ని పట్టుకుని అడుగున ఉన్న అసలు ఫంక్షన్ దాకా వెళ్తుంది. ఆ గుణాన్ని పెట్టేది రాప్స్. డెకరేటర్లు ఎన్ని ఉన్నా డిఫాల్టులు దొరకడానికి కారణం ఇదే. మధ్యలో ఒక్కటి రాప్స్ లేకుండా రాసినా గొలుసు తెగుతుంది, సిగ్నేచర్‌లో ఆర్గ్స్, క్వార్గ్స్ తప్ప ఏమీ కనపడవు. ఫాస్ట్‌ఏపీఐలో అలాంటి రాపర్ ఉంటే ఆ రెండు పేర్లనూ తప్పనిసరి క్వెరీ పారామీటర్లుగా లెక్కగట్టి 422 (పంపిన డేటా సరిగా లేదనే) ఎర్రర్ ఇస్తుంది.

గొలుసు తెగకపోయినా ఇబ్బంది వచ్చే సందర్భం ఒకటి: మధ్యలోని డెకరేటర్ తానే ఒక ఆర్గ్యుమెంట్ చేర్చి పంపుతుంటే. డేటాబేస్ కనెక్షన్‌ను మొదటి ఆర్గ్యుమెంట్‌గా జోడించే డెకరేటర్ ఇలాంటిదే. అసలు ఫంక్షన్ సిగ్నేచర్ కనెక్షన్ కావాలంటుంది, పిలిచేవారు ఇవ్వరు, పై వరుసలోని బైండ్ టైప్‌ఎర్రర్ లేవదీస్తుంది. ఆర్గ్యుమెంట్ చేర్చే డెకరేటర్ తన రాపర్ మీద సరిచేసిన సిగ్నేచర్‌ను `__సిగ్నేచర్__`గా పెట్టడం సరైన మందు. సిగ్నేచర్ అక్కడే ఆగిపోయి దాన్నే వాడుతుంది.

మెథడ్‌ల విషయంలో క్లాసు నిర్వచనంలో ఉన్నది ఇంకా మామూలు ఫంక్షనే. సెల్ఫ్ సిగ్నేచర్‌లోనూ ఉంటుంది, ఆర్గ్స్ మొదట్లోనూ వస్తుంది, కాబట్టి బైండ్ సాఫీగా సాగుతుంది. లాగ్‌లో సెల్ఫ్ అక్కర్లేకపోతే తీసేసుకోవాలి. క్లాస్‌మెథడ్ మీద డెకరేటర్ పెట్టాలంటే మాత్రం `@క్లాస్‌మెథడ్` అన్నిటికంటే పైన ఉండాలి. వరుస తిరగబడితే డెకరేటర్‌కు చిక్కేది పిలవడానికి వీల్లేని ఆబ్జెక్ట్, సిగ్నేచర్ దాన్ని తిరస్కరిస్తుంది. సీ భాషలో రాసిన మ్యాక్స్ లాంటి కొన్ని బిల్ట్‌ఇన్‌లకు సిగ్నేచర్ సమాచారమే ఉండదు, వాల్యూఎర్రర్ వస్తుంది. ఏ ఫంక్షన్‌కైనా తగిలించే సాధారణ డెకరేటర్ అయితే ఈ ఎర్రర్‌ను పట్టుకుని బైండ్ లేకుండా నడిచే ఏర్పాటు ఉండాలి.

డిఫాల్ట్ దొరికినా అది అమలయ్యే విలువ కాకపోవచ్చు. రేటుకు నన్ డిఫాల్ట్ పెట్టి, ఫంక్షన్ లోపల నన్ అయితే సెట్టింగుల నుంచి తెచ్చుకునే అలవాటు బాగా వాడుకలో ఉంది. అక్కడ డెకరేటర్‌కు దొరికేది నన్ మాత్రమే. సెట్టింగుల నుంచి వచ్చే 2 దానికి ఎప్పటికీ కనపడదు. డేటాక్లాస్‌లో డిఫాల్ట్_ఫ్యాక్టరీ (ప్రతిసారీ కొత్త విలువ తయారుచేసేది) ఉన్న ఫీల్డుకూ ఇదే పరిస్థితి: సిగ్నేచర్‌లో ఉండేది ఒక గుర్తు, తయారయ్యే జాబితా కాదు. జాబితానే నేరుగా డిఫాల్ట్‌గా పెట్టిన ఫంక్షన్‌లో ప్రమాదం మరో రకం. అప్లై_డిఫాల్ట్స్ దాని నకలు ఇవ్వదు, ఫంక్షన్ దగ్గరున్న ఆ జాబితానే ఇస్తుంది. డెకరేటర్ దానికి ఒక అంశం చేర్చితే తర్వాతి కాల్‌లన్నిటికీ డిఫాల్ట్ మారిపోతుంది.

## వెర్షన్లు మారినప్పుడు

పాత కోడ్‌లో గెట్‌ఆర్గ్‌స్పెక్ కనిపిస్తే అది పైథాన్ 2 కాలంది. పేరుతోనే ఇవ్వాల్సిన పారామీటర్లు 2008లో పైథాన్ 3.0తో వచ్చాక అది వాటిని చూపలేకపోయింది. 2022లో 3.11 నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. గెట్‌ఫుల్‌ఆర్గ్‌స్పెక్ ఇంకా ఉంది, కానీ బైండ్ పని అది చేయదు.

కొత్త చిక్కు 2025 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.14ది. అందులో యానొటేషన్లను `డెఫ్` సమయంలో లెక్కగట్టరు, అవసరమైనప్పుడే లెక్కగడతారు. ఫైలులో ఇంకా కింద నిర్వచించబోయే క్లాసు పేరును యానొటేషన్‌లో రాసినా `డెఫ్` లైను దాటిపోతుంది. సిగ్నేచర్ మాత్రం యానొటేషన్ల విలువలను అడుగుతుంది. డెకరేటర్ దాన్ని డెకరేట్ చేసే సమయంలోనే పిలుస్తుంది కాబట్టి, ఆ క్లాసు ఇంకా లేదని నేమ్‌ఎర్రర్ అక్కడే పడుతుంది. డిఫాల్టులే కావాల్సిన డెకరేటర్‌కు యానొటేషన్లతో పనే లేదు. 3.14లో సిగ్నేచర్‌కు కొత్తగా చేరిన యానొటేషన్_ఫార్మాట్ ఆర్గ్యుమెంట్‌కు యానొటేషన్‌లిబ్ మాడ్యూల్‌లోని ఫార్వర్డ్‌రెఫ్ ఫార్మాట్ ఇస్తే దొరకని పేర్లను పక్కన పెట్టి సాగిపోతుంది. పాత వెర్షన్లలోనూ నడవాల్సిన లైబ్రరీ అయితే మొదటి కాల్ వచ్చేదాకా సిగ్నేచర్ లెక్కను వాయిదా వేసి, అప్పుడు దాచిపెట్టుకోవడం తేలిక. అప్పటికి ఫైలు మొత్తం లోడ్ అయి ఉంటుంది.